డైలాగులు స్పష్టంగా వినపడాలంటే కొత్త ఆంప్లిఫయర్ కొనాలా? నిర్ణయించుకునే పద్ధతి

మాటలు వినపడక ధ్వని పెంచడం, అంతలో ఫైటు మొదలై కిటికీ అద్దాలు అదిరితే హడావిడిగా తగ్గించడం, ఆ తర్వాత తల్లి కొడుకుతో ఏమందో పక్కనున్న వారిని అడగడం హోమ్ థియేటర్ ఉన్న చాలా ఇళ్లలో రోజూ జరిగేదే. ఈ అవస్థ కొన్నాళ్లు పడిన తర్వాత ఎక్కువమందికి వచ్చే ఆలోచన ఒకటే: ఆంప్లిఫయర్‌కు శక్తి చాలడం లేదు, ఎక్కువ వాట్లున్నది కొనాలి. కొందరి విషయంలో ఆ ఆలోచన సరైనదే. అయితే నేను చూసిన ఇళ్లలో ఎక్కువచోట్ల లోపం ఆంప్లిఫయర్‌లో లేదు. టీవీ సెట్టింగులోనో, టీవీ కింద ఉండే సెంటర్ (మధ్య) స్పీకర్ పెట్టిన అరలోనో, నున్నటి టైల్స్ పరిచిన హాలులోనో ఉంది. అలాంటి ఇంటికి ఎంత ఖరీదైన ఆంప్లిఫయర్ తెచ్చినా ఆ మాటలు అలాగే ముద్దగా వినపడతాయి. అందుకే డబ్బు ఖర్చు చేసే ముందు రెండు సాయంత్రాలు పరీక్షలకు కేటాయించమని కోరుతున్నాను. (టీవీ, సెట్ టాప్ బాక్సుల నుంచి సంకేతాన్ని అందుకుని, ఛానళ్లుగా విడదీసి, స్పీకర్లకు శక్తినిచ్చే పెట్టెను దుకాణాల్లో రిసీవర్ అంటారు. ఇక్కడ రెండు పేర్లూ దానికే వాడుతున్నాను.)

వాట్ల లెక్క

ముందుగా లెక్క చూద్దాం, ఎందుకంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. స్పీకర్ వెనుకనో, దాని పుస్తకంలోనో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 87 డెసిబెల్ అని ఉంటే, ఒక వాటు శక్తి ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో 87 డెసిబెల్ ధ్వని వస్తుందని అర్థం. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్ తగ్గుతుంది. గదిలో గోడలు కొంత తిప్పిపంపుతాయి కాబట్టి అంతకంటే తక్కువే తగ్గుతుంది. ఆ సాయాన్ని పక్కన పెట్టి కఠినంగానే లెక్కవేసినా, సోఫా 3 మీటర్ల దూరంలో ఉంటే ఒక వాటుకు సుమారు 77 డెసిబెల్ అందుతుంది. ఇంట్లో సినిమా చూసేటప్పుడు సంభాషణ 65 నుంచి 70 డెసిబెల్ ఉంటే హాయిగా వినపడుతుంది. అంటే ఆ మాటలకు ఖర్చవుతున్నది వాటులో ఐదో వంతు కూడా కాదు. పేలుళ్లు, డప్పులు 90 డెసిబెల్‌కు ఎగిసినా సుమారు 18 వాట్లు సరిపోతాయి.

మీ దగ్గర 80 వాట్ల రిసీవర్ ఉండి, 100 వాట్లది కొంటే లభించే అదనపు ధ్వని ఒక్క డెసిబెల్ మాత్రమే. శక్తిని రెట్టింపు చేసి 160 వాట్లకు వెళ్లినా పెరిగేది 3 డెసిబెల్. చెవికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్ పెరగాలి, దానికి పది రెట్ల శక్తి కావాలి. కాబట్టి మామూలు ధ్వనిలో కూడా మాట అర్థం కావడం లేదంటే వాట్ల కొరత దానికి కారణం కాదని అక్కడికక్కడే తేల్చేయవచ్చు.

మరి కారణం ఏమిటి? తెలుగు అజంత భాష. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. పలికేటప్పుడు బలమంతా అచ్చులకు పోతుంది, అర్థాన్ని వేరుచేసే పని మాత్రం ఎక్కువగా హల్లులు చేస్తాయి. ‘కల’, ‘తల’, ‘వల’ అనే మూడు మాటల్లో చివరిదాకా మోగేది ఒకటే. తేడా అంతా మొదట్లో క్షణకాలం వినపడి పోయే హల్లులో ఉంది. ఇలాంటి తేడాలను చెవి పట్టుకునేది ప్రధానంగా 1000 నుంచి 4000 హెర్ట్జ్ ప్రాంతంలో. ఆ ప్రాంతాన్ని ఏది కప్పేసినా, అంటే సబ్ వూఫర్ (లోతైన బాస్ ధ్వనుల స్పీకర్) హోరు గాని, గోడల ప్రతిధ్వని గాని, తిరుగుతున్న ఫ్యాను శబ్దం గాని అడ్డుపడితే, గొంతు వినపడుతూనే ఉంటుంది కాని మాట అర్థం కాదు. ధ్వని పెంచినప్పుడు హల్లుతోపాటు దాన్ని కప్పేస్తున్న హోరు, ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతాయి.

మొదటి సాయంత్రం: రిసీవర్‌కు ఏది అందుతోంది?

5.1 మిక్స్ (ఐదు స్పీకర్లకూ ఒక సబ్ వూఫర్‌కూ కలిపి ఆరు వేరువేరు ధ్వని ఛానళ్లు) ఉన్న సినిమాల్లో సంభాషణలు చాలావరకు సెంటర్ ఛానల్‌లోనే ఉంటాయి. ఆ సెంటర్ ఛానల్ మీ ఇంటిదాకా వస్తోందా అన్నది మొదటి ప్రశ్న. ఓటీటీలో 5.1 గుర్తు ఉన్న తెలుగు సినిమా పెట్టి, రిసీవర్ ముందుభాగంలో ఏ పేరు కనపడుతుందో చూడండి. డాల్బీ డిజిటల్, డాల్బీ డిజిటల్ ప్లస్, డాల్బీ అట్మాస్ వంటి పేరు కనపడితే మంచిదే. పీసీఎం (టీవీ ముందే విప్పేసిన డిజిటల్ ధ్వని) అనో, స్టీరియో (రెండు ఛానళ్లు) అనో ఉంటే టీవీ ఆ ఆరు ఛానళ్లను రెండుగా కుదించి పంపుతూ ఉండవచ్చు. అప్పుడు టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ అనే చోట పీసీఎం తీసేసి ఆటో, బిట్‌స్ట్రీమ్, పాస్‌త్రూ అన్నవాటిలో ఉన్నదాన్ని ఎంచుకోవాలి. సెట్ టాప్ బాక్సులోనూ ఇలాంటి సెట్టింగే విడిగా ఉంటుంది. ఒకటి మార్చి రెండోది మరిచిపోవడం మామూలే.

కొన్ని టీవీ ఛానళ్లు, పాత సినిమాలు, చాలా డబ్బింగ్ వెర్షన్లు స్టీరియోలోనే వస్తాయి. వాటికి రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ గాని, పాత మోడల్ అయితే ప్రో లాజిక్ 2 మూవీ గాని పెడితే, రెండు ఛానళ్లలోనూ సమానంగా ఉన్న గొంతును వేరుచేసి సెంటర్ స్పీకర్‌కు పంపుతుంది. దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసేది ఆల్ ఛానల్ స్టీరియో. డెమోలో ‘ఇల్లంతా మోగుతుంది’ అని చూపించి, ఆ మోడ్‌లోనే వదిలి వెళ్లిన ఇళ్లను ఎన్నో చూశాను. అందులో ఒకే గొంతు వెనుక నుంచి, పక్కల నుంచి కొంచెం కొంచెం తేడాతో చెవిని చేరుతుంది. హాల్, స్టేడియం, కాన్సర్ట్ అనే మోడ్‌లు కూడా మాటకు శత్రువులే, ఎందుకంటే అవి కావాలని ప్రతిధ్వనిని కలుపుతాయి. టీవీ స్పీకర్లు, హోమ్ థియేటర్ రెండూ కలిసి మోగుతుంటే టీవీవి ఆపేయాలి.

తర్వాత రిసీవర్ మెనూలో స్పీకర్ల పట్టిక చూడాలి. సెంటర్ స్పీకర్ లేకపోయినా ఉన్నట్టు నమోదై ఉంటే మాటలన్నీ లేని స్పీకర్‌కు పోతాయి. ‘లేదు’ అని మారిస్తే ముందున్న రెండింటికీ పంచబడి, మధ్యలోంచి వచ్చినట్టు వినపడతాయి. ఉంటే దాన్ని ‘స్మాల్’ అని పెట్టి, క్రాసోవర్ (బాస్‌ను సబ్ వూఫర్‌కు మళ్లించే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. స్పీకర్ మరీ చిన్నదైతే 100 లేదా 120 పెట్టవచ్చు. బరువైన బాస్ సబ్ వూఫర్‌కు పోతే సెంటర్ స్పీకర్‌కూ ఆంప్లిఫయర్‌కూ పని తేలికవుతుంది. ఆ తర్వాత సెంటర్ స్థాయిని 2 లేదా 3 డెసిబెల్ పెంచి, సబ్ వూఫర్‌ను అంతే తగ్గించి, అదే సన్నివేశం మళ్లీ వినండి. పైసా ఖర్చు లేని ఈ ఒక్క మార్పుతోనే సమస్య సగం తీరిన ఇళ్లు ఉన్నాయి.

మాటలు లోగొంతుకలో, ఫైట్లు హోరుగా అన్నదే మీ ప్రధాన ఫిర్యాదైతే, అది లోపం కాదు, సినిమా మిక్స్ స్వభావం. థియేటర్‌లో పెద్ద ధ్వనికి తగ్గట్టు మిక్స్ చేసిన సినిమాలో మెల్లని మాటకూ పెద్ద పేలుడుకూ మధ్య అంతరం చాలా ఎక్కువ. నెట్‌ఫ్లిక్స్ తనకు అందే సౌండ్‌ట్రాక్‌లలో సంభాషణల సగటు స్థాయి −27 ఎల్‌కేఎఫ్‌ఎస్ (రికార్డు చేసిన ధ్వని బిగ్గరతనానికి కొలమానం) దగ్గర ఉండాలని నియమం పెట్టింది; అంటే మాటల స్థాయిని కిందే ఉంచి, పైన ఎగిసే ధ్వనులకు చోటు వదులుతారు. రాత్రిపూట పిల్లలు పడుకున్న ఇంట్లో ఆ అంతరం పనికిరాదు. దాన్ని కుదించే సదుపాయం దాదాపు ప్రతి రిసీవర్‌లోనూ నైట్ మోడ్, డైనమిక్ రేంజ్ కంప్రెషన్, డైనమిక్ వాల్యూమ్ అనే పేర్లలో ఏదో ఒకదానితో ఉంటుంది. యమహాలో డైలాగ్ లెవెల్, డెనాన్‌లో డైలాగ్ లెవెల్ అడ్జస్ట్ వంటివి మాటను మాత్రమే పైకి తెస్తాయి. ఈ సదుపాయాలను వాడితే ధ్వని నాణ్యత చెడుతుందని కొందరు శ్రోతలు వాటిని ముట్టుకోరు. నా అభిప్రాయంలో అది అనవసరమైన పట్టుదల. సినిమాలో మాట అర్థం కాకపోవడం కంటే పెద్ద నాణ్యతా లోపం లేదు.

మైకు పెట్టి గదిని కొలిచే ఏర్పాటు మీ రిసీవర్‌లో ఉంటే, ఒక్కసారి పద్ధతిగా మళ్లీ కొలవండి. ఫ్యాన్లు, ఏసీ ఆపి, వంటింట్లో కుక్కర్ కూతలు లేని సమయం చూసుకుని, మైకును సోఫా వీపు మీద కాకుండా కెమెరా స్టాండు మీద, కూర్చున్నవారి చెవి ఎత్తులో పెట్టాలి.

రెండో సాయంత్రం: స్పీకర్ వంతు, గది వంతు

ఇక అన్నింటికంటే విలువైన పరీక్ష. మాటలు అర్థం కాని సన్నివేశం పెట్టి, ధ్వని కొంచెం తగ్గించి, సెంటర్ స్పీకర్‌కు ఎదురుగా ఒక మీటరు దూరంలో నేల మీద కూర్చుని, చెవిని స్పీకర్ ఎత్తుకు తెచ్చి వినండి. అక్కడ ప్రతి మాటా స్పష్టంగా ఉండి, సోఫాలోకి వెళ్లగానే ముద్దగా మారితే ఆంప్లిఫయర్, స్పీకర్ రెండూ తమ పని సరిగ్గా చేస్తున్నట్టే, గది పాడుచేస్తోంది. దగ్గర కూడా ముద్దగానే ఉంటే స్పీకర్‌నో, అది పెట్టిన చోటునో, దానికి శక్తినిచ్చే ఛానల్‌నో అనుమానించాలి.

చోటు గురించి ముందు. మన ఇళ్లలో సెంటర్ స్పీకర్ సాధారణంగా టీవీ యూనిట్ అరలో, లోపలికి తోసి ఉంటుంది. దాని ముందు కొండపల్లి బొమ్మలో, ఫొటో ఫ్రేమో కూడా ఉంటుంది. చెక్క అర ఒక డబ్బాలా మోగి గొంతుకు బొంగురుతనం తెస్తుంది, ముందున్న అర అంచు ధ్వనిని చెదరగొడుతుంది. స్పీకర్‌ను అర అంచుదాకా, వీలైతే ఒక వేలి మందం బయటకు లాగండి. ముందు భాగం కింద రబ్బరు ముక్క పెట్టి, అది మోకాళ్లకు కాకుండా ముఖానికి గురిపెట్టేలా ఎత్తండి. ముందు ఏ వస్తువూ ఉంచవద్దు. అడ్డంగా పడుకోబెట్టిన సెంటర్ స్పీకర్లలో మధ్య ట్వీటర్ (పైస్థాయి ధ్వనులది), అటూ ఇటూ ఒక్కొక్క వూఫర్ (కిందిస్థాయి ధ్వనులది) ఉన్న రకానికి ఇంకో బలహీనత ఉంది: ఎదురుగా కూర్చున్నవారికి బాగానే ఉంటుంది కాని, సోఫా చివర కూర్చున్నవారికి రెండు వూఫర్ల ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టుకుని గొంతులో కొంత భాగం తగ్గిపోతుంది. ఇంట్లో ఒక్కరే ఎప్పుడూ మాటలు వినపడడం లేదంటుంటే, వారు కూర్చునే చోట మీరు ఒకసారి కూర్చుని చూడండి.

ఛానల్ లోపాన్ని పట్టుకోవడానికి సెంటర్‌ను మెనూలో ‘లేదు’ అని పెట్టి, అదే సన్నివేశం ముందు స్పీకర్ల మీద వినండి. ఎడమ, కుడి స్పీకర్లలో ఒకదానికి ఎరుపు, నలుపు తీగలు తారుమారై ఉంటే గొంతు మధ్యలో నిలవకుండా గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది కాబట్టి తీగలను ముందే సరిచూసుకోండి. ఇప్పుడు మాటలు స్పష్టమైతే లోపం సెంటర్ స్పీకర్‌లోనో, దాని ఛానల్‌లోనో ఉందన్నమాట. ఏదో తేల్చడానికి సెంటర్‌ను మళ్లీ ‘ఉంది’ అని పెట్టి, రిసీవర్ ఆపి, ప్లగ్గు తీసి, సెంటర్ అవుట్‌పుట్‌కు ఎడమ స్పీకర్‌ను, ఎడమ అవుట్‌పుట్‌కు సెంటర్ స్పీకర్‌ను కలపండి. మాటలు ఎడమ స్పీకర్‌లోంచి శుభ్రంగా వస్తే పాత సెంటర్ స్పీకర్‌దే లోపం. అక్కడా గరగరలాడితే ఆ ఛానల్‌ది. ఛానల్ చెడిన రిసీవర్‌ను పారేయనక్కరలేదు. చాలాసార్లు రిలే మార్చడంతోనో, సోల్డరింగ్ సరిచేయడంతోనో మంచి మెకానిక్ దాన్ని బాగుచేస్తాడు.

ఇక గది. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగాక ‘ట్రుర్ర్’ అని తోక వినపడితే, ఆ తోకే ప్రతి హల్లు మీదా పడుతోంది. మన కొత్త అపార్ట్‌మెంట్ హాళ్లలో నేల మీద విట్రిఫైడ్ టైల్స్ లేదా మార్బుల్, పైన స్లాబు, ఒక పక్క గాజు తలుపు, ఎదురుగా ఖాళీ గోడ ఉంటాయి. తుడవడానికి తేలిక, చూడడానికి అందం, వినడానికి మాత్రం చాలా కష్టం. ముందుగా సోఫాకూ టీవీకీ మధ్య నేలను కప్పాలి. పల్చని జంపఖానా ఒక్కటే అయితే పైస్థాయి ధ్వనులను కాస్త పీల్చుకుంటుంది. దాని కింద మందపాటి బొంత పరిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఏలూరు ఉన్ని తివాచీ వంటి ఒత్తు పోగులున్నది ఇంకా మంచిది. గాజు తలుపుకు మడతలు ఎక్కువగా ఉన్న బరువైన కర్టెన్, సోఫా వెనుక గోడకు పుస్తకాల అర చేర్చి మళ్లీ చప్పట్లు కొట్టి చూడండి. కొనడానికి ముందు ప్రయోగంగా ఇంట్లో ఉన్న పరుపులను, రజాయిలను హాలులో ఒక సాయంత్రం పరిచి విన్నా చాలు. నేను మా హాలులో మొదట చేసింది అదే, ఆ రోజే ఆంప్లిఫయర్ ఆలోచన మానుకున్నాను.

ఇంట్లో చిన్నవారందరికీ స్పష్టంగా ఉండి, పెద్దవారు ఒకరికి మాత్రమే కష్టంగా ఉంటే, వయసుతోపాటు పైస్థాయి ధ్వనుల వినికిడి తగ్గడం సహజమని గుర్తించి, ఒకసారి చెవి పరీక్ష చేయించడం, ఆయనకో ఆమెకో విడిగా బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఏర్పాటు చేయడం, సబ్‌టైటిల్స్ పెట్టడం మేలు. ఆ ఇబ్బందిని ఏ రిసీవరూ పూర్తిగా తీర్చదు.

ఎప్పుడు కొనడం న్యాయం?

ఇన్ని పరీక్షల తర్వాత కూడా కొత్త రిసీవర్ అవసరమని తేలే సందర్భాలు ఉన్నాయి. మొదటిది నిజమైన శక్తి కొరత. దీని లక్షణం వేరుగా ఉంటుంది: మామూలు ధ్వనిలో మాటలు శుభ్రంగా ఉండి, బాగా పెంచినప్పుడు మాత్రమే ‘స’, ‘శ’లు చెవిలో గుచ్చుకుంటాయి, గొంతు చీలుతుంది, లేదా రిసీవర్ ప్రొటెక్ట్ అని చూపి ఆగిపోతుంది. ఆగిపోయినప్పుడు తీగ పోగులు ఎక్కడైనా ఒకదానికొకటి తగులుతున్నాయేమో ముందు చూసుకోండి. స్పీకర్ సెన్సిటివిటీ 84 డెసిబెల్, సోఫా 4 మీటర్ల దూరం, 95 డెసిబెల్‌కు ఎగిసే ధ్వని కావాలంటే పై లెక్క ప్రకారం సుమారు 200 వాట్లు కావాలి. స్పీకర్ల విద్యుత్ నిరోధం తక్కువగా, 4 ఓమ్‌లే అయితే చిన్న రిసీవర్ మీద భారం ఇంకా ఎక్కువ. ఇలాంటి ఇంట్లో కూడా, పాత రిసీవర్‌కు ప్రీ అవుట్ సాకెట్లు (బయటి ఆంప్లిఫయర్‌కు సంకేతం పంపేవి) ఉంటే, దాన్ని అలాగే ఉంచి ముందు మూడు స్పీకర్లకు విడిగా పవర్ ఆంప్లిఫయర్ కలపడం ఒక దారి.

రెండోది, సంకేతాన్ని అందుకోలేని పాత రిసీవర్. టీవీలోని యాప్‌ల ధ్వని ఒకే హెచ్‌డీఎంఐ తీగ ద్వారా తిరిగి రావడానికి ఉపయోగపడే ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తోను, మరింత వెడల్పైన ఈఏఆర్‌సీ 2017లో విడుదలైన 2.1తోను వచ్చాయి. మీ రిసీవర్ అంతకుముందుదై, ఆప్టికల్ తీగలో టీవీ స్టీరియో తప్ప మరేమీ పంపకపోతే, మార్చడానికి అది గట్టి కారణం. మూడోది, గదిని కొలిచి సరిదిద్దే ఏర్పాటు గాని, మాట స్థాయిని విడిగా పెంచే సదుపాయం గాని లేకపోవడం. ఆడిస్సీ, యమహా వైపీఏఓ, డైరాక్ లైవ్ వంటి సరిదిద్దే ఏర్పాట్లు గొంతులోని బొంగురుతనాన్ని కొంత తగ్గించగలవు, అయితే టైల్స్ ప్రతిధ్వనిని అవి తుడిచివేయలేవు.

అన్నీ ఒకే అట్టపెట్టెలో వచ్చిన హోమ్ థియేటర్ సెట్టు అయితే విషయం వేరు. వాటి సెంటర్ స్పీకర్ సాధారణంగా అరచేతిలో పట్టేంత చిన్నది, తీగల కనెక్టర్లు ఆ కంపెనీకే ప్రత్యేకం. అక్కడ ఆంప్లిఫయర్ ఒక్కటే మార్చడంలో అర్థం లేదు. స్టీరియో రిసీవర్, రెండు మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లతో మొదలుపెట్టినా మాట ఆ సెట్టు కంటే స్పష్టంగా ఉంటుంది. విడి స్పీకర్లు ఉన్నవారు మాత్రం, సెంటర్ లోపమని తేలితే, ఆ డబ్బును ఎడమ, కుడి స్పీకర్ల శ్రేణిలోదే పెద్ద సెంటర్ స్పీకర్ మీద పెట్టడం నా సలహా. ట్వీటర్ కింద చిన్న మిడ్‌రేంజ్ (మధ్యస్థాయి ధ్వనులది) నిలువుగా ఉన్న త్రీ వే రకం దొరికితే సోఫా చివరివారికీ న్యాయం జరుగుతుంది.

రిసీవర్ కొనేటప్పుడు పెట్టె మీది పెద్ద అంకెను నమ్మవద్దు. ఒక్క ఛానల్ నడిపి, 6 ఓమ్‌ల మీద, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం వక్రత(డిస్టార్షన్)తో కొలిచిన 150 వాట్లకూ, రెండు ఛానళ్లు నడిపి, 8 ఓమ్‌ల మీద, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, 0.08 శాతం వక్రతతో కొలిచిన 80 వాట్లకూ పోలికే లేదు. రెండోదే నిజాయితీగల అంకె. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరిట వేసే అంకె) అని రాసి ఉంటే ఆ అంకెను చదవనవసరమే లేదు.

చివరగా, డబ్బు కట్టే ముందు వీలైతే స్నేహితుల దగ్గర నుంచి గాని, ఇంటికి తెచ్చి వినిపించే దుకాణం నుంచి గాని రిసీవర్ తెప్పించుకుని, మీ స్పీకర్లతో, మీ హాలులోనే పోల్చండి. ఒక డెసిబెల్ బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది కాబట్టి, ఫోనులో ధ్వని కొలిచే యాప్ పెట్టుకుని, టెస్ట్ టోన్‌తో రెండింటి స్థాయినీ సమానం చేయాలి. వార్తలు చదివే గొంతు ఒకటి, లోగొంతుకలో సాగే సినిమా సన్నివేశం ఒకటి, వెనుక సంగీతం మోగుతుండగా మాట్లాడే సన్నివేశం ఒకటి ఎంచుకుని, ఏ రిసీవర్ మోగుతోందో చెప్పకుండా ఇంట్లోవారికి వినిపించి, విన్న మాటలను కాగితం మీద రాయమనండి. రెండు కాగితాల్లోనూ అవే మాటలు తప్పిపోతే కొత్తదాన్ని తిరిగి పంపించవచ్చు.